ఎక్కడ తప్పినా ఫర్వాలేదో చెప్పండి

కొత్త సినిమాకి ట్రైలర్ వచ్చినట్టే కొత్త గోల్ఫ్ కోర్సుకీ ప్రివ్యూ వస్తుంది. పచ్చికమీద ఆడే గోల్ఫ్‌కి కాదులెండి, మిషన్ మీద ఆడే గోల్ఫ్‌కి. 'గోల్డెన్ టీ' అని ఒక ఆట ఉంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన ఇన్‌క్రెడిబుల్ టెక్నాలజీస్ అనే కంపెనీ 1989లో దాన్ని మొదట తెచ్చింది. అక్కడి బార్లలో, బౌలింగ్ హాళ్ళలో నిలువెత్తు పెట్టెలాగా నిలబడి ఉంటుంది. చికాగో దగ్గరుండే మా పెద్దమ్మ కూతురు సెలవు రోజుల్లో ఆడుతుంది. కొత్త కోర్సు వస్తోందంటే చాలు, ప్రివ్యూ వీడియో నాకు పంపించి "చూడవే, ఈసారి ఎక్కడ చూసినా నీళ్ళే" అంటుంది. నేను బెంగళూరులో కూచుని చూస్తాను. అలా చూసీ చూసీ నాకొక అభిప్రాయం గట్టిపడింది. ఈ ప్రివ్యూలు చూడటానికి బాగుంటాయి గానీ, ఆడబోయేవాళ్ళకి కావలసిన సంగతి మాత్రం చెప్పవు.

ముందు ఆట సంగతి కొంచెం. మిషన్ పలక మధ్యలో ఒక బంతి సగం పైకి కనబడేలా బిగించి ఉంటుంది. దాన్ని ట్రాక్‌బాల్ అంటారు. అరచేత్తో వెనక్కి లాగి ముందుకి తోయాలి. ఎంత వేగంగా తోస్తే అంత దూరం. కొంచెం ఏటవాలుగా తోస్తే తెరమీద బంతి వంపు తిరుగుతుంది. కర్ర మార్చేకి, నిలబడే దిక్కు మార్చేకి బటన్లు ఉంటాయి. 1984లో నింటెండో తెచ్చిన 'గోల్ఫ్' అనే ఆట వేరే రకం. సతోరు ఇవాటా ప్రోగ్రామ్ రాసిన ఆ ఆటలో, గీత మీద గుర్తు పరుగెత్తుతుంటే సరైన క్షణంలో బటన్ నొక్కాలి. అందులో కన్ను నేర్చుకుంటుంది. ట్రాక్‌బాల్‌తో చెయ్యి నేర్చుకోవాలి. చెయ్యి నేర్చుకునేది తప్పులతోనే.

గోల్డెన్ టీకి ఏటా కొత్త కోర్సులు వస్తాయి. ఒక్కో కోర్సులో 18 హోల్స్. ప్రతి హోల్‌కి ఇన్ని దెబ్బల్లో బంతి పడాలని ఒక లెక్క, అదే పార్. పాత కోర్సు అయితే రోజూ ఆడేవాళ్ళకి కంఠతా వచ్చేసి ఉంటుంది, కొత్తగా వచ్చిన మనిషి వాళ్ళ పక్కన నిలబడలేదు. కొత్త కోర్సు వచ్చిన మొదటి కొన్ని రోజులే అందరూ కాస్త దగ్గర దగ్గరగా ఉంటారు. అందుకే ఆ ప్రివ్యూకి అంత విలువ.

మరి ప్రివ్యూలో ఏం చూపిస్తారు? పార్ నాలుగు ఉన్న హోల్. మధ్యలో నీళ్ళు. చుట్టూ తిరిగిపోయే దారి ఉన్నా, బంతిని నీళ్ళమీదుగా ఒక్క దెబ్బకే అవతల గట్టున పడేస్తారు. అది దొర్లుకుంటూ జెండా పక్కకెళ్ళి ఆగుతుంది. తర్వాతి హోల్, మళ్ళీ అంతే. నీళ్ళలో పడిన బంతి ఒక్కటీ కనబడదు. చూసినవాళ్ళకి "అబ్బ!" అనిపిస్తుంది. మిషన్ ముందు నిలబడి అదే దెబ్బ కొట్టబోతే గాలి ఇంకో వైపు వీస్తుంటుంది, జెండా ఇంకో చోట ఉంటుంది. ఆట ఆటకీ అవి మారతాయి కదా.

"అది వ్యాపార ప్రకటన, అంతకన్నా ఏం చూపిస్తారు? మిఠాయి అంగడివాడు మాడిన మైసూర్‌పాక్ అద్దంలో పెడతాడా?" అని మీరడగొచ్చు. న్యాయమే. కానీ మైసూర్‌పాక్ మనం కొనుక్కుని తింటాం, తయారుచేయం. ఆట అలా కాదు, డబ్బు కట్టి మనమే ఆడాలి. మన మాల్స్‌లోని గేమ్ జోన్ కార్డు సంగతి మీకు తెలుసు, నాలుగుసార్లు గీకితే ఖాళీ. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్ళకే ముందుగా తెలియడం ఎక్కువ అవసరం. మా అక్క వాదన ఇంకొకటి. ప్రివ్యూ చూస్తే మొదటిసారి చూసే సంతోషం పోతుందంటుంది. ఎన్నిసార్లయినా ఆడగలిగినవాళ్ళ మాట అది. ఒక్కసారికే డబ్బున్నవాళ్ళు ఆ సంతోషం కోసం 18 హోల్స్ నీళ్ళపాలు చేసుకోలేరు.

నిజమైన గోల్ఫ్‌లోనూ ప్రివ్యూ ఉంది. టోర్నమెంట్‌కి ముందు ఆటగాళ్ళు ప్రాక్టీస్ రౌండ్ ఆడతారు, దూరాలు రాసిన చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుంటారు. అప్పుడు వాళ్ళు వెతికేది మంచి దెబ్బ ఎక్కడికి కొట్టాలని మాత్రమే కాదు, తప్పితే ఎటు తప్పాలని కూడా. కుడివైపు నీళ్ళు, ఎడమవైపు గడ్డి ఉంటే ఎడమకే తప్పాలి. గడ్డిలోంచి మళ్ళీ కొట్టొచ్చు, నీళ్ళలో పడితే అదనంగా ఒక దెబ్బ లెక్కలోకి వస్తుంది. మన ఊళ్ళో 1876 నుంచీ గోల్ఫ్ క్లబ్ ఉంది. హై గ్రౌండ్స్ వైపు పోతూ మనలో చాలామంది దాన్ని బయటినుంచే చూసి ఉంటాం. ఈ ఊరి అమ్మాయే అదితి అశోక్. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. పతకానికి ఒకే ఒక్క దెబ్బ దూరం. ఎవరి దెబ్బలు తక్కువైతే వాళ్ళు గెలిచే ఆట ఇది. అందుకే ఇందులో తెలివిగా తప్పడం కూడా విద్యే.

కోర్సు అన్న మాట మనకీ ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి స్వాగతం చెప్పే రోజున వేదిక ఎక్కి మాట్లాడేది ఎవరు? ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళు. వాళ్ళు చెప్పేదంతా జెండా పక్కన ఆగిన బంతుల కథే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడమో ఇంగ్లీషో చదివి వచ్చిన అమ్మాయి అది విని ఏమనుకుంటుంది? మా బ్యాచ్‌లో ఇద్దరు మొదటి నెలలోనే ఐచ్ఛిక తెలుగు వదిలి వేరే సబ్జెక్టుకి మారిపోయారు. ఇద్దరికీ తెలుగంటే ఇష్టమే. "మనవల్ల కాదులే" అనుకున్నారు, అంతే.

వాళ్ళకి ఎవరైనా ఇలా చెప్పి ఉండాల్సింది. గణ విభజన మొదటి పది పద్యాలకి తప్పుపోయినా ఫర్వాలేదు, కానీ గురు లఘువులు గుర్తుపట్టడం మొదటి నెలలో వదిలేస్తే తర్వాత నీళ్ళలో పడినట్టే. పాత పద్యంలో బండి ఱ కనబడితే తడబడొచ్చు, ఎవరూ నవ్వరు. క్లాసులో మాట్లాడేటప్పుడు మన ఇంటి మాట "చదివేకి, పోయేకి" అని దొర్లినా మన మేడమ్స్ ఏమీ అనరు, పరీక్ష పేపర్లో మాత్రం చూసుకుని రాయాలి. గట్టిగా చదవమంటే తప్పులతోనైనా చదవాలి, చదవకుండా కూచుంటే మాత్రం నష్టం మనదే.

కాబట్టి సీనియర్ అక్కలకి ఒక మనవి. వచ్చే సంచికలో ఈ గోడమీద సగం షీటు ఖాళీగా వదలమని మేడమ్‌ని అడిగాను, సరే అన్నారు. ఒక్కొక్కరు ఒక్కో వాక్యం రాయండి. మీకెన్ని మార్కులొచ్చాయో వద్దు. మీరెక్కడ తప్పినా ఏం కాలేదో, ఎక్కడ తప్పకూడదో అది రాయండి. జూనియర్లు నిలబడి చదువుకుంటారు.