డిచ్‌పల్లి వైద్యురాలు



నాంపల్లి, ఆబిడ్సు ప్రాంతములఁ గాపురముండు మనకు వైద్యుఁడు నాలుగడుగుల దూరముననే దొరకును. ఎల్లరును వెలివేసిన రోగులను వెదకుకొని వచ్చిన యొక వైద్యురాలినిగూర్చి యీ మాసమున ముచ్చటింపఁ దలఁచితిమి.

ఇసబెల్ కెర్ స్కాట్లాండు దేశస్థురాలు. ఆబర్డీన్ విశ్వవిద్యాలయమున వైద్యము చదివి, 1907లో మిషనరీయగు భర్తతోఁగూడ నిజాము రాజ్యమునకు వచ్చెను. నిజామాబాదులోఁ గుష్ఠరోగుల దుస్థితి యామెను కదలించెను. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠాశ్రమము వెలసెను. రాజా నర్సాగౌడు అను హిందూదాత యందులకు ధనమొసఁగెను.

అచటఁ దువరకజాతి గింజల నూనెను సూదిమందుగా నెక్కించుచుండిరి. తువరకమును మన సుశ్రుతసంహిత యేనాఁడో కుష్ఠమునకు మందుగాఁ జెప్పినది. మందు మనకుఁ దెలిసినదే. రోగి చేయి పట్టుకొను మనసే కఱవైనది. 1923లో కైసరీహిందు పతకము నందిన యామె 1932లో గతించెను.

మందుతోఁబాటు నమ్మకమును గావలెను. అమెరికాలో నవాహో జాతివారిలో క్షయ ప్రబలినపుడు, ఆ జాతి స్త్రీయే యగు ఆనీ వానెకా యింటింటికిఁ బోయి వైద్యుల మాటలను దమ భాషలో బోధించెను. 1963లో నామెకు ఆ దేశాధ్యక్షుని స్వాతంత్ర్యపతకము లభించెను.

నేఁడు కుష్ఠము పూర్తిగా నయమగు వ్యాధి. ప్రపంచారోగ్యసంస్థ 1981లో సూచించిన బహుళౌషధ చికిత్స ఆఱు నెలలు గాని, యేడాది గాని సాగును. ప్రభుత్వ వైద్యశాలలలో మందు ఉచితము. మందు మొదలిడిన కొలఁది కాలముననే యితరులకు సోఁకు భయము తొలఁగును. ఒంటిపైఁ బాలిపోయిన మచ్చ యుండి, యచట స్పర్శ తెలియకున్నను, పొయ్యికడఁ జేయి కాలినను నొప్పి తోఁపకున్నను, వెంటనే వైద్యునకుఁ జూపవలెను. సిగ్గుపడి చీర కొంగున దాఁచినచో నరములు చెడి వ్రేళ్లు వంకరవోవును.

1955 నాఁటి హిందూ వివాహ చట్టము కుష్ఠమును విడాకులకుఁ గారణముగాఁ జెప్పెను. 2019లో దానిని తొలఁగించిరి. కాని మేమెఱిఁగిన యొక తల్లి, తాను చిన్ననాఁడు మందు తిని స్వస్థత నొందిన సంగతిని, కూఁతురి పెండ్లిచూపులవేళ నేఁటికిని దాఁచుచున్నది. అట్టి యింటి పిల్లను గోడలిగాఁ దెచ్చుకొనుటకు వెనుదీయు అత్తలు మనలో లేరా? మన కొడుకుల పెండ్లిమాటలు వచ్చినపుడు ఈ ప్రశ్నకు మనమే బదులు చెప్పవలసియుండును.