రిపోర్టులో చిన్న గడి

శ్రీకాకుళం జిల్లా రావివలస ఎండల మల్లన్న గర్భగుడికి కప్పు లేదు. ఎండ ఎండగానే, వాన వానగానే ఆ పెద్ద లింగం మీద పడతాయి. కప్పు వేయబోతే నిలవలేదని, తనకు ఎండే ఇష్టమని స్వామి కలలో చెప్పాడని స్థలపురాణం. ఆ పురాణంలోనే ఒక వైద్యుడూ ఉన్నాడు. యుద్ధంలో లక్ష్మణుడు పడిపోతే మందు చెప్పిన సుషేణుడు ఈ కొండ దగ్గరే తపస్సు చేసి తనువు చాలించాడట. ఆయన దేహాన్ని జింక చర్మంతో, మల్లెపూలతో కప్పిన చోట వెలిశాడు కనుక స్వామి మల్లికాజినుడయ్యాడనీ, జనం నోట అదే మల్లికార్జునుడైందనీ చెబుతారు. వైద్యుడి పేరుతో ముడిపడిన శివాలయాలు మనకు ఎన్ని ఉన్నాయో గానీ, కిడ్నీ జబ్బుతో నలుగుతున్న ఉద్దానానికి ఇంత దగ్గరలో ఒకటి ఉండడం మాత్రం మనసును తాకుతుంది.

ఎందుకంటే, ఇక్కడ రక్తపరీక్ష రిపోర్టు ఇంటి సామాన్లలో ఒకటి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు టీ కొట్టు దగ్గర ఇద్దరు కలిస్తే పంట సంగతి కన్నా ముందు ‘క్రియాటిన్ ఎంతొచ్చినాది?’ అన్న మాట వినిపిస్తుంది. బడి ముఖం చూడని ముసలమ్మకు కూడా కిడ్నీల పనితీరు చెప్పే ఆ అంకె ఎంత దాటితే భయపడాలో తెలుసు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవడానికి చాలా ఏళ్ల ముందే జనం ఈ చదువు నేర్చేసుకున్నారు. కష్టం నేర్పిన చదువు.

అదే రిపోర్టులో ఇంకొక గడి ఉంటుంది. మన చూపు దాని మీద ఆగదు. తెల్లకణాల వరుసలో ‘లింఫోసైట్లు’ అని ఉంటుంది. పెద్దవాళ్లలో ఇవి మైక్రోలీటరు రక్తానికి సుమారు 1,000 నుంచి 4,000 దాకా ఉండాలి. శాతంగా చూస్తే 20 నుంచి 40. ఈ శాతం దగ్గరే మనం మోసపోతాం. మొత్తం తెల్లకణాలు 3,000 ఉండి, అందులో లింఫోసైట్లు 25 శాతం అని వస్తే ‘నార్మలే కదా’ అనిపిస్తుంది. లెక్క కడితే తేలేది 750. ఒంటికి ఉండాల్సిన కప్పులో పెంకులు ఊడిపోతున్నాయన్నమాట.

కాలేయం గట్టిపడిపోయిన వాళ్లలో ఇలా తరచూ జరుగుతుంది. కాలేయంలోకి రావలసిన రక్తానికి దారి ఇరుకై, ఒత్తిడి వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బుతుంది. మన పెద్దలు ‘కడుపులో బల్ల’ అన్నది దాన్నే. ఉబ్బిన ప్లీహం రక్తకణాలను తనలోనే పట్టి ఉంచేస్తుంది. దానికి తిండి సహించకపోవడం, కండ కరిగిపోవడం తోడవుతాయి. కాలేయ క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది ఇలాంటి కాలేయంలోనే. అందుకే గడ్డ ఒక్కటే అయితే 5 సెంటీమీటర్లు మించకుండా గానీ, మూడు దాకా ఉన్నా ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లు మించకుండా గానీ ఉన్న రోగులకు కాలేయ మార్పిడి బాగా పనికొస్తుందని 1996లో ఇటలీలోని మిలాన్ వైద్యులు చూపారు. గడ్డతో పాటు అది పుట్టిన నేలా తొలగిపోతుంది.

ఇక్కడే వైద్యం ఇరకాటంలో పడింది. కొత్త కాలేయాన్ని పరాయిదని గుర్తుపట్టి తరిమేసేది ఈ లింఫోసైట్లే. రక్తంలో ఎక్కడో మిగిలిపోయిన క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టేదీ అవే. 1963లో తొలి కాలేయ మార్పిడికి ప్రయత్నించిన అమెరికా వైద్యుడు థామస్ స్టార్జల్, కొన్నేళ్లకు లింఫోసైట్లను అణచడానికే ప్రత్యేకంగా తయారుచేసిన సీరం వాడారు. 1967లో ఆయన చేతుల్లో కొత్త కాలేయం పొందిన ఏడాదిన్నర పసిపాప ఏడాదికి పైగా బతికింది. అంతకాలం బతికినవారు అంతకుముందు లేరు. ఆ పాప రోగం కూడా కాలేయ క్యాన్సరే. కొత్త కాలేయం నిలిచింది గానీ, క్యాన్సర్ తిరిగొచ్చి పాపను తీసుకుపోయింది. కాపలావాణ్ణి కట్టేస్తేనే అతిథి ఇంట్లో ఉండగలడు. కట్టేస్తే దొంగకు దారి దొరుకుతుంది. ఇన్నేళ్లు గడిచినా, మెరుగైన మందులెన్ని వచ్చినా, ఆ తాడు ఎంత బిగించాలన్నదే డాక్టర్ల తలనొప్పి.

మార్పిడికి ముందే లింఫోసైట్లు తగ్గిపోయి ఉన్న కాలేయ క్యాన్సర్ రోగుల్లో తర్వాతి ఫలితాలు అంత బాగుండకపోవచ్చని పరిశోధకులు గమనించడం మొదలుపెట్టింది ఈ చరిత్ర వెలుగులోనే. ఖరీదైన స్కానింగు అక్కర్లేదు. ఏ చిన్న ల్యాబులోనైనా వచ్చే అంకె అది. అయితే ఆ అంకె తగ్గడం వల్లే రోగం తిరగబెట్టిందా, లేక ఒళ్లంతా చితికిపోయిందని అది మనకు చెబుతోందా అన్నది తేలికగా విడదీయగల ముడి కాదు. ప్లీహం ఉబ్బినా అది తగ్గుతుంది, వైరస్ పట్టినా తగ్గుతుంది, స్టెరాయిడ్లు వాడినా తగ్గుతుంది. ఒక్క కాగితం చూసి గుండె జారిపోవడం ఎంత తప్పో, ‘ఏముందిలే’ అని మడిచి పెట్టేయడమూ అంతే తప్పు. నెలల తరబడి అది ఎటు నడుస్తోందో చూస్తేనే డాక్టరుకు ఏదైనా అర్థమవుతుంది.

అందుకే ఒక్క మాట. కిడ్నీ అయినా, కాలేయం అయినా, పెద్దాసుపత్రికని పలాసలో విశాఖ బండెక్కేటప్పుడు కొత్త రిపోర్టు ఒక్కటే జేబులో పెట్టుకుని వెళ్లకండి. దూలానికి వేలాడే ప్లాస్టిక్ కవరులోని పాత కాగితాలన్నీ తేదీల వారీగా సర్ది తీసుకెళ్లండి.