రేవుల్లో వెట్టి: అర్జీ పెట్టుకున్న ఆడవాళ్ళ గోడు

వెట్టి అంటే దొర గడీలోనో, అధికారి మకాంలోనో చేయించుకునే చాకిరీ అని పల్లె జనానికి తెలుసు. సముద్రం మీద కూడా వెట్టి ఉండేదనీ, మన దేశాన్ని ఏలిన ఇంగ్లీషు సర్కారే దాన్ని తన సొంత జనం మీద నడిపిందనీ ఎరిగినవారు తక్కువ.

18వ శతాబ్దంలో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లండు నౌకాదళానికి మనుషులు చాలేవారు కారు. ఎలా చాలుతారు? 1653లో నిర్ణయించిన నావికుని జీతం 1797 దాకా పెరగలేదు. ఆ జీతమైనా నెలల తరబడి బకాయి. యుద్ధకాలంలో వర్తకపు ఓడ ఎక్కితే అంతకంటె ఎంతో ఎక్కువ ముట్టేది. జీతం పెంచడం మాని సర్కారు దుడ్డుకర్రలతో ముఠాలను రేవుల మీదికి తోలింది. వాటినే ప్రెస్ గ్యాంగులు అనేవారు. పట్టవలసింది 18 మొదలు 55 ఏళ్ళ లోపు సముద్రం పని ఎరిగినవారిని. కాని చీకట్లో సారా దుకాణం దగ్గర పట్టుబడిన వాడు నావికుడో, పడవ సరంగో, రేవు కూలీయో అడిగేదెవరు? పట్టినవాణ్ణి ఓడ అడుగు గదిలోకి తోసి పైన ఊచలు బిగించేవారు.

కొందరికి మినహాయింపు కాగితాలు ఉండేవి. వయసు, ఎత్తు, ఆనవాళ్ళు రాసిన ఆ కాగితం ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి. అవసరం ముదిరితే సర్కారు ఇచ్చిన కాగితాన్ని సర్కారే చెల్లదనేది. 1803లో టైన్ నది మీద బొగ్గు పడవలవాళ్ళను అలాగే పట్టుకుపోయారు. తోటివారంతా పని ఆపేశారు. బొగ్గు ఆగితే వర్తకులకు నొప్పి తెలుస్తుంది, వర్తకులకు నొప్పి తెలిస్తే సర్కారుకు వినబడుతుంది. పని ఆపే బలం లేని ఒంటరి ఇల్లాలి మాటో?

ఆమెకు మిగిలింది అర్జీ. అడ్మిరాల్టీ అనే నౌకాశాఖకు రాయించుకోవాలి. ఇంటికి ఆయనొక్కడే దిక్కనీ, పిల్లలు ఇందరనీ, కొడుకు ఇంకా పని నేర్చుకునే కుర్రవాడనీ విన్నవించుకోవాలి. చర్చి గురువు సంతకమో, యజమాని ఉత్తరమో జతపరచాలి. ఆ కాగితం మీద విచారణకు మళ్ళీ నౌకాదళం అధికారినే అడిగేవారు. పట్టినవాడి మాటే సాక్ష్యమన్న మాట. జవాబు వచ్చేలోగా ఓడ రేవు దాటిపోయేది. బదులు మనుషులను తెచ్చి ఇస్తే విడిచిపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. గంజికి లేనివాళ్ళు బదులు మనిషిని ఎక్కడ కొంటారు?

1771లో లండన్‌లో మేరీ జోన్స్ అనే పడుచును ఉరి తీశారు. భర్తను నౌకాదళం పట్టుకుపోయింది. అప్పులవాళ్ళు ఇల్లు ఊడ్చుకుపోయారు. ఇద్దరు బిడ్డలతో వీధిన పడిన ఆమె ఒక దుకాణంలో బట్ట తీసింది. శిక్ష పడేనాటికి చంటిబిడ్డ ఇంకా పాలు మానలేదు. 1777లో సర్ విలియం మెరెడిత్ ఈ సంగతి పార్లమెంటులో ఎత్తి చెబితేగాని పెద్దల చెవిన పడలేదు.

కోర్టులూ అడ్డుపడలేదు. 1743లో బ్రిస్టల్‌లో ఒక నావికుడు తన్ను పట్టవచ్చిన ముఠాలో ఒకణ్ణి కాల్చాడు. వెంట అధికారి లేడు గనుక ఆ పట్టడం చెల్లదని జడ్జి ఫాస్టర్ శిక్ష తగ్గించాడేగాని, పద్ధతి మాత్రం న్యాయమైనదే అన్నాడు. 1776లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ కూడా అనాదిగా వస్తున్న ఆచారమన్నాడు. ‘మామూలు’ అనే మాటతో వెట్టిని సమర్థించుకున్న మన దొరలకు ఈ వాదన కొత్తది కాదు.

దేశం ఆపదలో ఉంటే మనుషులను పిలవవద్దా అని అడగవచ్చు. పిలవాలి. చెరువు గట్టు తెగితే ఊరంతా పారా తట్టా పట్టుకుని పరుగెత్తుతుంది, ఎవరూ దాన్ని వెట్టి అనరు. కాని మద్రాసు రాజధానిలో గట్ల మరమ్మతుకు 1858లో చేసిన చట్టం పిలిపించమన్నది కూలినాలి చేసుకునేవారినే. గట్టు తెగితే మునిగేది అందరి పొలమూ, తట్ట మోసేది కొందరు! ఇంగ్లండులోనూ రేవు పేటల్లో తిరిగిన ముఠా పెద్దమనుషుల వీధి తొక్కలేదు.

మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. అందులోనే రెండో భాగం, ప్రజావసరాల కోసం తప్పనిసరి సేవ చేయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఉంచింది. మతం, జాతి, కులం, వర్గం కారణంగా తేడా చూపరాదని షరతు పెట్టింది. షరతు మంచిదే, చాలదు. ఎప్పుడైనా ఆ అధికారం వాడవలసి వస్తే, ఎవరిని పిలుస్తున్నారో, ఎన్నాళ్ళకో, ఇంటివాళ్ళకు నెలనెలా ఏమి అందుతుందో ఉత్తర్వులోనే రాసి ఉండాలి. అర్జీ ఎవరికి పెట్టుకోవాలో, ఎన్ని రోజుల్లో జవాబు ఇస్తారో కూడా రాయాలి. ఆ అర్జీ విచారించే అధికారి మాత్రం మనిషిని తీసుకుపోయిన శాఖవాడు కాకూడదు.