వెనుక షాకబ్జార్బర్లు ఇంట్లో మార్చుకొనుట



మన పల్లెల్లో ఓమ్ని వ్యాన్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. 1984లో మారుతి వ్యాను అనే పేరుతో రోడ్డెక్కిన ఈ బండి తయారీ 2019లో ఆగిపోయింది. కాబట్టి నేడు మన వాకిట నిలిచి ఉన్న ఓమ్ని ఏదైనా పాతదే. కూరగాయల బుట్టలు, ఆసుపత్రికి వెళ్ళవలసిన పెద్దవారు, పెండ్లికి బయలుదేరిన పదిమంది, అందరూ దాని వెనుక భాగము మీదనే పడతారు. (ఎనిమిది సీట్ల బండిలో పదిమంది ఏమిటని అడుగకండి. మీ ఊళ్ళోనూ అంతే గదా!)

"షాకులు పోయాయిలెండి, కాస్త ఊపు ఎక్కువ, అంతే" అని చాలామంది తేలికగా అంటారు. ఈ మాట మేము ఒప్పుకోము. బండి బరువును మోసేది షాకబ్జార్బరు కాదు, ఇనుప పట్టీలు పేర్చిన కమాను కట్ట. గుంతలో పడగానే కమాను వంగుతుంది, వెంటనే తిరిగి తన్నుతుంది. ఆ తన్నును అణచడమే షాకబ్జార్బరు పని. దాని గొట్టములో నూనె ఉంటుంది. పిస్టను సన్నని రంధ్రాల గుండా ఆ నూనెను తోస్తూ కదులుతుంది. కమాను ఊపంతా అక్కడ వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. నూనె కారిపోయినా, లోపల అరిగినా, చక్రము రోడ్డును వదలి ఎగురుతుంది. నేలను తాకని చక్రానికి బ్రేకు వేసి ఏమి ప్రయోజనము? బండి ఆగే దూరము పెరుగుతుంది, మలుపులో వెనుక భాగము పక్కకు లాగుతుంది. వానాకాలములో ఇది మరీ ప్రమాదము. కాబట్టి ఇది సుఖము కొరకు పెట్టే ఖర్చు కాదు, బ్రేకుల కొరకు పెట్టే ఖర్చు అనుకోండి.

అరిగినవో లేదో తెలుసుకోవడము కష్టము కాదు. వెనుక మూలను గట్టిగా కిందికి నొక్కి వదలండి. పైకి లేచి కుదురుకుంటే మంచిదే, రెండు మూడు సార్లు ఊగితే అరిగినట్టే. గొట్టము మీద సన్నని నూనె తడి, దానికి అంటిన దుమ్ము ఉంటే ఫరవాలేదు గాని, నూనె ధారగా కారితే మార్చవలసిందే. టైరు మీద అక్కడక్కడ గుంటలు పడినట్లు అరుగుదల కనిపించినా అనుమానించండి. గతుకుల దారిలో కొంతదూరము నడిపి రెండు గొట్టాలను జాగ్రత్తగా తాకి చూడడము మరొక పద్ధతి. పనిచేసేది వెచ్చగా ఉంటుంది, చచ్చినది చల్లగానే ఉంటుంది. వెనుక నుండి టకటకమని శబ్దము వస్తే షాకు బాగానే ఉండి రబ్బరు బుష్షు మాత్రమే పోయి ఉండవచ్చు. ఈ శబ్దము డ్రైవరు కంటే ముందు వెనుక సీటులోని అమ్మలకే వినిపిస్తుంది. వారి మాట కొట్టిపారవేయకండి.

కొనేటప్పుడు జతగా కొనండి. ఒకవైపు కొత్తది, మరొకవైపు పాతది ఉంటే బండి రెండు వైపులా ఒకేలా కుదురుకోదు. పాత గొట్టములో నూనె నింపి రంగు వేసి అమ్మే సరుకును చవక అని తెచ్చుకోవద్దు.

ఇక పని సంగతి. స్పానరు పట్టడము తెలిసినవారికి ఇది ఒక పూట పని. విప్పేది పైన ఒక నట్టు, కింద ఒక నట్టు. ప్రాణము పోయేది మాత్రము నట్టు దగ్గర కాదు, జాకీ దగ్గర. అందుచేత ఈ సంగతి కాస్త వివరముగా వ్రాస్తున్నాము.

ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కింద ఉన్నా తిరిగేవి వెనుక చక్రాలే. హ్యాండుబ్రేకు పట్టేది కూడా వెనుక చక్రాలనే. అంటే వెనుక రెండు చక్రాలు నేలనుండి లేచిన మరుక్షణము గేరూ పనికిరాదు, హ్యాండుబ్రేకూ పనికిరాదు. ముందు చక్రాలు దొర్లడానికి సిద్ధముగా ఉంటాయి. ఇది తెలియక "గేరులో వేశాను గదా" అని కిందికి దూరేవారున్నారు. ముందు చక్రాలకు ముందూ వెనుకా చెక్క మొద్దులు గట్టిగా బిగించనిదే జాకీ ముట్టవద్దు.

చక్రము పక్కనుండి చేయి, స్పానరు దూరేటంత చోటు దొరికితే బండిని లేపనే వద్దు. కమానే బరువు మోస్తున్నది గనుక షాకబ్జార్బరు ఊడదీసినా బండి కిందికి దిగదు. లేపక తప్పదంటే గట్టి చదును నేల చూసుకోండి. మెత్తని మట్టి వాకిలి పనికిరాదు. లేపిన తరువాత ఇరుసు కింద, కమాను కట్టకు దగ్గరగా, రెండు వైపులా ఇనుప స్టాండ్లు పెట్టి బరువు వాటిమీదికి దించండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దే వద్దు. అవి ముందుగా చెప్పకుండా ఒక్కసారిగా పగులుతాయి. స్టాండ్లు మెకానిక్కు దగ్గర అద్దెకో బదులుకో తెచ్చుకోండి. స్టెప్నీ చక్రాన్ని కూడా బండి కిందికి తోసి ఉంచితే మరింత క్షేమము. పక్కన ఒక మనిషి ఉండాలి, పిల్లలు ఉండకూడదు.

తుప్పు పట్టిన నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. అప్పటికీ కదలకపోతే మంట పెట్టి వేడి చేద్దామనే ఆలోచన రానీయకండి. పెట్రోలు ట్యాంకు ఆ బండి కిందనే ఉన్నది. అటువంటి నట్టును మెకానిక్కుకు వదిలేయడమే మేలు.

కొత్తదానిని బిగించే ముందు నిలువుగా పట్టుకొని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగితే లోపలి గాలి పైకి పోతుంది. గ్యాసు రకమైతే అది తానే పొడుగు సాగుతుంది, భయపడవద్దు. దానికి కట్టిన పట్టీని బిగించే సమయములోనే కోయండి. బుష్షు దూరకపోతే సబ్బు నీళ్ళు రాయండి. గ్రీజు, ఇంజను నూనె రబ్బరును తినేస్తాయి. బండి బరువు కమాను మీద ఉన్నప్పుడే నట్లను చివరిగా బిగించాలి. ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

ఆల్టో వంటి కార్లు ఉన్నవారికి ఒక మాట. వాటిలో వెనుక ఉండేది చుట్టు స్ప్రింగు. షాకబ్జార్బరు విప్పగానే ఇరుసు జారి స్ప్రింగు ఊడిరావచ్చు, బ్రేకు గొట్టము సాగవచ్చు. కాబట్టి విప్పకముందే ఇరుసు కింద ఇంకొక జాకీ ఆన్చి ఉంచాలి. ముందు చక్రాల దగ్గర స్ప్రింగు షాకబ్జార్బరును చుట్టుకొని అణగి ఉంటుంది. దాని జోలికి ఇంట్లో ఎవరూ పోవద్దు. ఆ స్ప్రింగు విడిపోతే తుపాకి గుండుతో సమానము.

పని అయిన తరువాత ఒక యాభై కిలోమీటర్లు తిరిగి వచ్చి నట్లు మరల బిగించి చూడండి. తీసిన పాతవాటిని మంటలో వేయరాదు. పాత ఇనుము వానికి ఇచ్చేటప్పుడు లోపల నూనె, గ్యాసు ఉన్నాయని చెప్పి మరీ ఇవ్వండి. గ్యాసు కట్టరుతో కోసేవాడు అతడే.