తలసరి లెక్కలో మన పిల్లలెక్కడ?

తెలంగాణలో తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లాదే మొదటి స్థానం. 2023లో కోకాపేటలో ఎకరం వేలం పాట 100 కోట్లు దాటింది. అదే జిల్లా ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఇటుకలు తిప్పుతారు. వాళ్లలో మన ఆదివాసీ పిల్లలూ ఉన్నారు. బట్టీ నడిచేది చలికాలం నుంచి ఎండాకాలం దాకా. బడి నడిచేదీ అప్పుడే. సొంతూరి హాజరు పట్టీలో పేరుంటుంది, పిల్ల ఉండదు.

"వాళ్లకు చదువు విలువ తెలియదు" అంటారు. అబద్ధం! ముందే తీసుకున్న అడ్వాన్సు తీరాలంటే ఇంటిల్లిపాదీ మట్టి తొక్కాల్సిందే. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. కానీ వాళ్ల భాష తెలిసిన టీచరేడి?

ఉపాధ్యాయ మిత్రులారా, దగ్గర్లోని బట్టీకి వెళ్లండి. బడి బయట ఉన్న పిల్లల్ని లెక్కపెట్టండి. సంపన్న జిల్లా అని మురిసేవాళ్ల ముందు ఆ లెక్క పెట్టండి.