ఘాట్‌లో బండి ఆగిపోతే?



మొన్న మేం నలుగురం పిఠాపురంలో కారు డ్రైవింగ్ నేర్పేచోటికి వెళ్లాం. ఫీజెంతో, ఎన్ని రోజులో చెప్పారు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఆగితే వెనక్కి జారకుండా తీయడం నేర్పుతారా అంటే నవ్వేశారు. ఇక్కడ రోడ్లన్నీ చదునే, నిజమే. మేం నడపాల్సింది మారేడుమిల్లి ఘాట్‌లో కదా! మనోళ్లు చాలామంది జీపుల్లో క్లీనర్లుగా తిరిగి, చూసి నేర్చుకున్నోళ్లే.

2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: కారు లైసెన్సుతోనే మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న ట్యాక్సీ, సరుకు బండ్లు నడపొచ్చు. అంటే మనకి ఇది కూటి సంగతి. ఐటీడీఏ ఫీజు కట్టి, చివరి వారమైనా ఘాట్ మీదే నేర్పించాలని మేం అడుగుతున్నాం.

అందాకా, డబ్బు కట్టేముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోండి. 30 రోజులు నిండాకే టెస్టు. నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా బ్రేకు ఉందో లేదో వంగి చూడండి, మొహమాటపడొద్దు.