వేడికి నిలిచే బోల్టు

బిలాస్‌పూర్ రైల్వే పట్టణమే గాని, ఆ చుట్టుపట్ల రోడ్ల మీద పెత్తనం లారీలదే. కోర్బా గనుల బొగ్గు రైలుబండ్లలోనే గాక లారీలలోనూ తరలుతుంది. రైల్వే కొలువులతో ఏనాడో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్న ఊరది. అక్కడి నెహ్రూ నగర్ వంటి పేటలో కాపురముంటూ, ఒక్క లారీ మీద సంసారం నడుపుకునే యజమానికి ఎగ్జాస్టు మానిఫోల్డు పగిలిందంటే ఆ నెల జమాఖర్చు తారుమారే. అంత ఖర్చుపెట్టి కొత్త మానిఫోల్డు కొన్నవాడు, దానిని పట్టి వుంచే బోల్టుల దగ్గర మాత్రం పదో పరకో మిగుల్చుకోజూస్తాడు. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఇంజను సిలిండర్లలో మండిన వాయువును పోగుచేసి సైలెన్సరు వైపు పంపే పోత ఇనుప గొట్టాల సముదాయమే మానిఫోల్డు. నిండు బరువుతో ఎత్తు ఎక్కే డీజిలు లారీలో ఆ వాయువు వేడి 600 డిగ్రీల సెంటిగ్రేడు దాటగలదు. మీటరు పొడవున్న పోత ఇనుము 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు అయిదున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. దానిని బిగించిన సిలిండరు హెడ్డును నీళ్లు చల్లబరుస్తూ వుంటాయి గనుక అది ఒక మిల్లీమీటరైనా సాగదు. ఈ రెండింటి పెనుగులాటకు మధ్యనున్నది బోల్టు. ప్రయాణం సాగినంతసేపూ ఒకవైపు, ఇంజను ఆరిపోయాక మరోవైపు దానిని లాగుతూనే వుంటారు.

దుకాణంలో ‘అన్నిటికన్నా గట్టిది ఇవ్వండి’ అని అడగడం పరిపాటి. బోల్టు తలపై 8.8, 10.9, 12.9 అన్న అంకెలుంటాయి. అంకె పెరిగినకొద్దీ బలం పెరిగే మాట నిజమే, కాని అది చల్లని బోల్టు బలం. ఆ ఉక్కుకు బలమిచ్చింది కర్మాగారంలో కాల్చి చల్లార్చిన పదును. 12.9 బోల్టుకు ఆ పదును 380 డిగ్రీల దగ్గరే పెట్టి వుండవచ్చు. అంతకు మించిన వేడిలో నిత్యం మగ్గితే పదును దిగజారుతుంది. అందుకే ఇంజను తయారీదారు ఇటువంటి చోట క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కునో, వేడికి తట్టుకునే మరో మిశ్రమాన్నో నిర్ణయిస్తాడు.

తళతళలాడే జింకు పూత మరో మోసం. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది. కరిగిన జింకు గట్టి ఉక్కు కణాల మధ్యకు చొరబడి పగుళ్లు తెప్పించగలదు. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టు వేసేవారూ వున్నారు. సాధారణ స్టెయిన్‌లెస్ ఉక్కు పోత ఇనుముకన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది కనుక వేడిలో పట్టు సడలుతుంది. పైగా దాని మరలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని అతుక్కుపోతాయి. నైలాను వలయమున్న నట్టును ఇక్కడ ఊహించనే కూడదు. నొక్కిన లోహపు నట్టులే తగినవి.

కొన్ని ఇంజన్లలో పొడుగాటి బోల్టు కింద చిన్న గొట్టపు ముక్క వుంటుంది. ‘ఇదెందుకు, దండగ’ అని తీసి పారేసి పొట్టి బోల్టు బిగించే మేస్త్రీలు లేకపోలేదు. నిజానికి పొడుగు బోల్టు రవంత స్ప్రింగులా సాగి ముడుచుకుంటుంది. లోహం కదిలినా పట్టు వదలదు. అలాగే మానిఫోల్డు చివరి రంధ్రాలు కాస్త పెద్దవిగా వుండడం పోతలో లోపం కాదు, అది జరగడానికి వదలిన చోటు. అందులో లావు బోల్టు కూరితే కొత్త మానిఫోల్డుకూ పగులు తప్పదు.

పాత బోల్టు విప్పేటప్పుడు తొందర పనికిరాదు. ముందునాటి రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి వుంచాలి. హెడ్డులో విరిగిన స్టడ్డును తీయడానికయ్యే కూలి కొత్త బోల్టుల ధరను ఎప్పుడో మించిపోతుంది. బిగించేముందు హెడ్డు ముఖం, మానిఫోల్డు ముఖం చదునుగా వున్నవో లేవో ఉక్కు బద్ద ఆనించి చూడాలి. గాస్కెట్ కొత్తదే వేయాలి. మరలకు నికెల్ కలిసిన లేపనం రాస్తే మళ్లీ విప్పడం సులువు. అయితే లేపనం రాసిన బోల్టు తేలికగా తిరుగుతుంది. పొడి బోల్టుకు చెప్పిన బిగువే దీనికీ వాడితే అతిగా సాగుతుంది. ఆ లెక్క ఇంజను పుస్తకంలో చూసుకోవలసిందే.

పట్టు తప్పితే ఏమవుతుంది? అతుకు వద్ద నల్లని మసి చార, చల్లని ఇంజను మొదలెట్టగానే టిక్కుటిక్కుమనే చప్పుడు, టర్బోకు చాలని ఒత్తిడి, పెరిగే డీజిలు ఖర్చు. 2020 నుంచి వచ్చిన బి.ఎస్.6 బండ్లలోనైతే పొగను కొలిచే సెన్సర్లు కూడా తప్పు చెప్పవచ్చు. అన్నిటికీ మించి, చిమ్మే వేడి వాయువు పక్కనున్న వైర్లనూ డీజిలు గొట్టాన్నీ కాల్చగలదు. క్యాబిన్‌లోకి చేరే పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడు వుంటుంది. ఇంజను నడుస్తుండగా అద్దాలు మూసుకుని కునుకు తీసే డ్రైవరుకు ఆ సంగతి తెలిసే వీలే లేదు.

కనుక మధ్య నుంచి రెండు కొసలకూ, రెండు మూడు విడతలుగా బిగించాలి. కోర్బాకు ఒక దఫా వెళ్లి వచ్చాక, ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి, పుస్తకంలో వున్న పక్షంలో ప్రతి బోల్టునూ మరోసారి టార్క్ రెంచితో చూసుకోవాలి.